ఇతరుల విశ్వాసంపై తీర్పు: సంఘానికి తెలిసేదెంత, తెలియనిదెంత

రాయలసీమలో ఒక మనిషి తాను క్రీస్తును నమ్ముకున్నానని చెప్పినప్పుడు, ఆ మాట నిజమా కాదా అని తేల్చుకోవలసిన అవసరం చాలామందికి పడుతుంది. బాప్తిస్మం ఇమ్మని అడిగినవారి గురించి సంఘ కాపరీ పెద్దలూ ఆలోచించాలి. పెళ్లి కోసం బాప్తిస్మం తీసుకుంటానన్న అబ్బాయి గురించి అమ్మాయి తల్లిదండ్రులు ఆలోచించాలి. కుల ధ్రువీకరణ పత్రం కోసం వచ్చిన దరఖాస్తు మీద తహశీల్దారు ఏదో ఒకటి రాయాలి. ఎక్కడినుంచో వచ్చి ఊళ్లో మందిరం కడతానంటూ చందాలు అడిగే సేవకుడి విషయంలో ఆ ఊరి విశ్వాసులు ఒక నిర్ణయానికి రావాలి. వీరందరి నోటా వినిపించే ప్రశ్న ఒకటే: ‘ఇతను నిజంగా నమ్మాడా?’ ఆ ప్రశ్నకు వీరిలో ఎవరికీ పూర్తి జవాబు దొరకదు. అందరికీ కావలసిన జవాబు కూడా ఒకటి కాదు. ఏ నిర్ణయం కోసం ఈ అంచనా వేస్తున్నామన్నది ముందుగా తేల్చుకోకపోవడం వల్లే సంఘాలు ఒకచోట అనవసరంగా కఠినంగాను, మరోచోట ప్రమాదకరమైనంత ఉదారంగాను ప్రవర్తిస్తున్నాయి.

ఈ చర్చ వచ్చిన ప్రతిసారీ రెండు పక్షాలవారూ మత్తయి సువార్త ఏడో అధ్యాయాన్నే తెరుస్తారు. ‘మీరు తీర్పు తీర్చకుడి’ అన్న మాట ఆ అధ్యాయం మొదట్లోనే ఉంది. ‘వారి ఫలములవలన మీరు వారిని తెలిసికొందురు’ అన్న మాట అదే అధ్యాయంలో కొంచెం కింద ఉంది. ఒకరు మొదటి వచనంతో నోరు మూయిస్తే, ఇంకొకరు రెండో వచనంతో నోరు తెరుస్తారు. కానీ ఈ రెండు మాటలూ ఎవరెవరిని ఉద్దేశించి చెప్పినవో చూస్తే వాటి మధ్య వైరుధ్యం కనిపించదు. మొదటిది తన కంట్లో దూలం ఉంచుకుని సహోదరుని కంట్లో నలుసు వెతికే మనిషికి చెప్పినది. రెండోది గొర్రెల చర్మం కప్పుకుని మందలోకి వచ్చే అబద్ధ ప్రవక్తల గురించి చెప్పినది. పక్కన కూర్చున్న సహోదరుడి విషయంలో నిగ్రహం, ముందు నిలబడి బోధించేవాడి విషయంలో పరీక్ష అవసరమన్న తేడా అక్కడే ఉంది. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక ఐదో అధ్యాయంలో పౌలు ఇంకో గీత గీశాడు. సంఘం వెలుపలివారికి తీర్పు తీర్చడం తన పని కాదని, లోపలివారి నడవడిని మాత్రం సంఘమే చూసుకోవాలని చెప్పాడు. ఆయన ప్రస్తావించినది కూడా ఊరందరికీ తెలిసిన ఒక ప్రవర్తననే గాని, ఆ మనిషి గుండెలో విశ్వాసం ఉందా లేదా అన్నదాన్ని కాదు.

అపొస్తలుల కార్యములలో ఈ విషయానికి సంబంధించిన రెండు ఘట్టాలు ఉన్నాయి. సమరయలో గారడీ చేసే సీమోను నమ్మానంటే ఫిలిప్పు అతనికి బాప్తిస్మం ఇచ్చాడు. తర్వాత అదే సీమోను పరిశుద్ధాత్మను అనుగ్రహించే అధికారాన్ని డబ్బిచ్చి కొనబోయాడు. అప్పుడు పేతురు అతన్ని గట్టిగా మందలించి, అతని హృదయం దేవుని యెదుట సరిగా లేదని తేల్చి చెప్పాడు. అలా చెప్పడానికి పేతురుకు ఆధారం సీమోను తన నోటితో చేసిన బేరం. అయినా మారుమనస్సు పొంది ప్రార్థన చేసుకోమన్నాడే తప్ప తలుపు మూయలేదు. తొందరపడి బాప్తిస్మం ఇచ్చావని ఫిలిప్పును ఎవరూ తప్పుపట్టలేదు కూడా. రెండో ఘట్టం తర్వాత పౌలుగా పేరుపొందిన సౌలుది. విశ్వాసులను ఇళ్లలోంచి ఈడ్చుకుపోయి చెరసాలలో వేయించిన మనిషి శిష్యుడినంటూ వస్తే యెరూషలేములోనివారు భయపడటంలో తప్పేమీ లేదు. ఆ భయం సౌలు చెప్పుకున్న మాటలతో పోలేదు. బర్నబా అతన్ని వెంటబెట్టుకుని వచ్చి, దమస్కులో అతను ఏమి చేశాడో వివరించిన తర్వాతే అతనికి చోటు దొరికింది. అనుమానం ఉన్నచోట ఎదుటివాడి కన్నీళ్ల కంటే, అతన్ని దగ్గరగా చూసిన మూడో మనిషి చెప్పే సంగతులే ఎక్కువ పనికివస్తాయని ఈ ఘట్టం చూపుతుంది.

ఇక్కడి సంఘాలకు ఈ ప్రశ్న కొత్త కాదు. లండన్ మిషనరీ సొసైటీ 1822లో కడపలో పని మొదలుపెట్టింది. తర్వాతి దశాబ్దాల్లో ముత్యాలపాడు, నంద్యాల వైపు ఎస్.పి.జి. ఆంగ్లికన్ మిషన్, కర్నూలులో అమెరికన్ బాప్టిస్టులు స్థిరపడ్డారు. పందొమ్మిదో శతాబ్ది నడిమికాలం నుంచి మాల, మాదిగ పేటలు కుటుంబాలు కుటుంబాలుగా క్రైస్తవంలోకి వస్తుంటే, వీరు ఎందుకు వస్తున్నారన్న అనుమానం ఊరి పెద్దలకే కాదు, స్వయంగా మిషనరీలకూ కలిగింది. ఆ అనుమానానికి అసలైన పరీక్ష 1876–78లో, పెద్దలు ధాత కరువుగా చెప్పుకున్న మహాక్షామంలో ఎదురైంది. ఆ కరువు కర్నూలు జిల్లాను ఎంతగా తుడిచిపెట్టిందంటే, 1871, 1881 జనగణనల మధ్య జిల్లా జనాభా దాదాపు నాలుగో వంతు తగ్గిపోయింది.

అప్పుడు ఒంగోలులో ఉన్న బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ, బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగాన్ని కాంట్రాక్టుకు తీసుకుని ఆకలితో ఉన్నవారికి కూలి దొరికే ఏర్పాటు చేశాడు. ఆయన పని ఒంగోలుకే పరిమితం కాలేదు. ఆ రోజుల్లో కర్నూలు జిల్లాలో భాగంగా ఉన్న కంభం, మార్కాపురం ప్రాంతాలకూ అది విస్తరించింది. కూలీల్లో ఎందరో బాప్తిస్మం అడిగారు. సహాయం అందుతున్నంతకాలం బాప్తిస్మాలు ఇవ్వనని ఆయన ఏడాదికి పైగా ఆపి ఉంచాడు. 1878 జూన్‌లో మళ్లీ మొదలుపెట్టినప్పుడు జనం తండోపతండాలుగా వచ్చారు. జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. ఆ ఏడాది ముగిసేలోపు ఆ సంఖ్య తొమ్మిది వేలు దాటింది. ఇన్ని వేలమంది మనసులను ఒక్క మనిషి పరిశీలించడం జరిగే పని కాదు. ఆయన ఊరూరా తిరిగే స్థానిక బోధకుల మాట మీద, వారికి తమ పేటల గురించి ఉన్న ఎరుక మీద ఆధారపడ్డాడు.

ఈ సంఘటనను కొందరు ఆ వేలమంది చిత్తశుద్ధికి రుజువుగా చూపుతారు, కొందరు ఆకలికి రుజువుగా చూపుతారు. రెండు వాదాలూ అది చెప్పగలిగినదానికంటే ఎక్కువ చెప్పిస్తున్నాయి. బాప్తిస్మం తీసుకుంటే కూలి దొరుకుతుందన్న అనుమానానికి తావు లేకుండా క్లౌ ఒక ఏర్పాటు చేశాడు, అంతవరకే. కృతజ్ఞత, కరువులో తోడు నిలిచిన గుంపుతో కలిసి ఉండాలన్న కోరిక, పిల్లల చదువు మీద ఆశ, క్రీస్తు మీద ప్రేమ, ఇవన్నీ ఒకే గుండెలో ఎంతెంత పాళ్లలో ఉన్నాయో ఎవరు చెప్పగలరు? అయితే ఇంకో సంగతి కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఆదివారం పని మానాలి, చచ్చిన పశువు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు అని ఆ మిషన్ చెప్పిన నియమాలు వినడానికి చిన్నవిగా ఉంటాయి. ఊరి దేవరకు డప్పు కొట్టడం ఒక మాదిగ కుటుంబానికి కట్టుబడిగా ఉన్న కాలంలో ఆ పని మానడమంటే ఊరితో తగువు పెట్టుకోవడమే, ఊరి పనికి ప్రతిఫలంగా రావలసిన మేర గింజలు పోగొట్టుకోవడమే. వచ్చిన లాభం ఎంతో అడిగినవారు, పోయిన బతుకుతెరువు ఎంతో కూడా అడగాలి. తిండి కోసం మతం మారారన్న నింద వేసేవారిలో చాలామంది ఆ రెండో ప్రశ్న వేయనే వేయరు.

మిశ్రమ ఉద్దేశాల గురించి ఉత్తర ఆఫ్రికా బిషప్ అగస్టీను క్రీ.శ. 400 ప్రాంతంలో ఒక డీకనుకు (సంఘ పరిచారకుడికి) రాసిన సలహా ఇక్కడ గుర్తుచేయదగ్గది. లాభం కోసమో, ఎవరికో భయపడో క్రైస్తవుడినవుతానని వచ్చినవాణ్ణి వెంటనే నిలదీసి అవమానించవద్దని, బోధ వింటూ వింటూ అతను మొదట నటించినదాన్నే తర్వాత నిజంగా కోరుకునే అవకాశం ఉందని ఆయన భావం. ఆయన ప్రవేశాన్ని ముగింపుగా చూడలేదు. ఈ దృష్టి సీమ సంఘాలకు అత్యవసరం, ఎందుకంటే ఉద్దేశాన్ని పరీక్షించే అలవాటు ఇక్కడ అందరి మీదా సమానంగా పనిచేయడం లేదు. ఒక రెడ్డి కుటుంబం నుంచో బ్రాహ్మణ కుటుంబం నుంచో ఎవరైనా విశ్వాసంలోకి వస్తే, అతని సాక్ష్యాన్ని కూటాల్లో గోడపత్రిక వేసి మరీ వినిపిస్తారు. అతను ఎందుకు వచ్చాడని ఎవరూ అడగరు. ఎస్సీ కాలనీలో మూడు తరాలుగా ప్రార్థన చేసుకుంటున్న ముసలమ్మ విశ్వాసాన్ని మాత్రం బియ్యానికో బడికో ముడిపెడతారు. పేదవాడి అవసరం పైకి కనిపిస్తుంది కాబట్టి అతని ఉద్దేశం అనుమానానికి గురవుతుంది. ఉన్నవాడికి గౌరవం, వేదిక, పేరు దక్కుతాయి. వాటి మీద ఆశను ఎవరూ ఆశగా గుర్తించరు. ఇది న్యాయం కాదు.

ఇప్పుడు సంఘాలు ఏ గుర్తులను చూసి నిజమైన విశ్వాసి అంటున్నాయో చూడాలి. చాలాచోట్ల మొదటి గుర్తు సాక్ష్యం. ఫలానా కూటంలో, ఫలానా తేదీన, ఫలానా వాక్యం విని పాపాలు ఒప్పుకున్నాను, రక్షణ పొందాను అని చెప్పగలగాలి. నిజమైన అనుభవం నుంచి వచ్చిన సాక్ష్యాలు ఎన్నో ఉన్నాయి, వాటి విలువను తగ్గించనక్కరలేదు. కానీ సాక్ష్యానికి ఒక వరస ఉంటుంది, వారం వారం వింటే ఆ వరస ఎవరికైనా పట్టుబడుతుంది. పూర్వజీవితంలోని చెడు, ఒక జబ్బు లేదా అప్పు, ఎవరో చేసిన ప్రార్థన, స్వస్థత, కన్నీళ్లు అన్న క్రమంలో చెప్పలేనివాళ్లకు అనుభవమే లేదనుకోవడం పెద్ద పొరపాటు. జమ్మలమడుగులోనో కడపలోనో నాలుగో తరం క్రైస్తవ కుటుంబంలో పుట్టి, బుద్ధి తెలిసినప్పటి నుంచి ప్రార్థన చేసుకుంటూ పెరిగిన పిల్లకు చెప్పడానికి తేదీ ఉండదు. తేదీ లేదని ఆమెను నామకార్థ క్రైస్తవురాలు అనడం, ఒక తేదీ చెప్పగలిగినందుకు మరొకరిని వెంటనే నిజమైన విశ్వాసి అనడం, రెండూ కథను చూసి మనిషిని కొలవడమే.

ఉద్వేగం కూడా అంతే. ఉజ్జీవాలను దగ్గరగా చూసిన అమెరికన్ కాపరి జొనాథన్ ఎడ్వర్డ్స్ 1746లో ఈ అంశం మీదే ఒక పెద్ద గ్రంథం రాశాడు. అందులో పన్నెండు సంగతులను తీసుకుని, ఇవి ఉన్నంతమాత్రాన విశ్వాసం నిజమని గాని అబద్ధమని గాని చెప్పలేమని వివరించాడు. ఉద్వేగం తీవ్రంగా ఉండటం, శరీరం కంపించడం, మతం గురించి ఆపకుండా మాట్లాడటం, వాక్యాలు అప్పటికప్పుడు మనసులోకి రావడం వంటివి అందులో ఉన్నాయి. చివరికి ఆయన అన్నిటికంటే ఎక్కువ బరువు పెట్టింది క్రైస్తవ ఆచరణ మీద, అంటే కాలం గడిచినా నిలిచే నడవడి మీద. అంత జాగ్రత్తగా ఆలోచించిన మనిషి కూడా, ప్రభువు బల్లలో (రొట్టె, ద్రాక్షారసం పంచుకునే సంస్కారంలో) పాల్గొనాలంటే నమ్మదగిన విశ్వాస ప్రకటన ఉండాలని పట్టుబట్టి, 1750లో తన సొంత సంఘం చేతనే తొలగింపబడ్డాడు. ఎంత అడగాలి, ఎక్కడ ఆగాలి అన్నది ఆయనకూ సులువుగా తేలలేదు.

సీమలో నిజాయితీ గురించి జరిగే తగువుల్లో సగం అసలు నిజాయితీ గురించినవి కావు. 1947 సెప్టెంబరు 27న వేర్వేరు ప్రొటెస్టెంట్ సంఘాలు కలిసి దక్షిణ ఇండియా సంఘంగా (సి.ఎస్.ఐ.) ఏర్పడినప్పుడు నంద్యాల ఆంగ్లికన్లు చాలాకాలం దాని బయటే ఉండిపోయారంటే, ఈ చిన్న ప్రాంతంలోనే క్రైస్తవుడెవరన్నదానికి ఎన్ని కొలతలు ఉన్నాయో ఊహించవచ్చు. శిశు బాప్తిస్మం, పెద్దయ్యాక దాన్ని స్థిరపరచే కన్ఫర్మేషన్, విశ్వాస ప్రమాణం చూసే సంఘం ఒకటైతే, బుద్ధి వచ్చాక ఒప్పుకుని నీళ్లలో మునగడాన్ని చూసే సంఘం మరొకటి. ఆత్మావేశంలో తెలియని భాషలు మాట్లాడటాన్ని, నగలు తీసేయడాన్ని చూసే సంఘం ఇంకొకటి. కర్నూలులో ఒక సంఘం నుంచి ఆదోనిలో మరో సంఘానికి మారిన కుటుంబం ‘ఇంకా రక్షణ లేనివారు’గా లెక్కకు వస్తే, ఆ కుటుంబంలో కపటం ఉందని అర్థం కాదు. కొలత మారింది, అంతే. ఎదుటివాడు అబద్ధమాడుతున్నాడని అనే ముందు, అతను మన సంప్రదాయపు మాటల్లో మాట్లాడలేకపోతున్నాడేమోనని చూడటం కనీస మర్యాద.

బొట్టు, తాళి, గాజులు, పూల సంగతి మరీ సున్నితమైనది. హిందూ కుటుంబంలో కోడలిగా ఉంటూ క్రీస్తును నమ్ముకున్న స్త్రీలు సీమ జిల్లాలన్నిటా ఉన్నారు. ఇంట్లో దీపం వెలిగించక తప్పదు, జాతరకు బోనం వండక తప్పదు. మధ్యాహ్నం పూట పక్కింట్లో జరిగే ప్రార్థనకు వచ్చి కూర్చుంటారు. వీరిని లోకస్థులని పక్కకు నెట్టేవారు, సిరియా సైన్యాధిపతి నయమాను కథను ఒకసారి చదవాలి. యెహోవాకు తప్ప మరెవరికీ బలి అర్పించనని చెప్పిన అతను, తన రాజు రిమ్మోను గుడికి వెళ్లి తన చేతి మీద ఆనుకుని మొక్కినప్పుడు తానూ వంగవలసి వస్తుందని, ఆ విషయంలో తనను క్షమించాలని కోరాడు. ఎలీషా అతన్ని మందలించలేదు, నెమ్మదిగా వెళ్లమన్నాడు. అరిమతయియ యోసేపు భయం వల్ల రహస్యంగా శిష్యుడై ఉన్నాడని యోహాను సువార్త ఏ నిందా లేకుండా చెబుతుంది. బొట్టు తీయడం వల్ల దెబ్బలు తినేది ఆమె, ఇల్లు పోగొట్టుకునేది ఆమె. ఆ ధరను నిర్ణయించే హక్కు కూటంలో సురక్షితంగా కూర్చున్న పెద్దలకు లేదు.

చట్టం కల్పించిన చిక్కు వేరే ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా మొదట హిందువులకే ఉండేది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు దాన్ని విస్తరించారు, క్రైస్తవులకు విస్తరించలేదు. ఆంధ్రప్రదేశ్‌లో దళిత క్రైస్తవులను బీసీ-సి వర్గంలో ఉంచారు, దాని కింద దక్కేది 1 శాతం రిజర్వేషన్. దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా ఇవ్వాలని కోరుతూ రాష్ట్ర శాసనసభ 2023 మార్చిలో తీర్మానం చేసింది గాని ఉత్తర్వు మారలేదు. 2024 నవంబరులో పుదుచ్చేరికి చెందిన ఒక మహిళ కేసులో సుప్రీంకోర్టు, ఆమె బాప్తిస్మం పొంది చర్చికి క్రమంగా వెళుతూ, ఉద్యోగం కోసం మాత్రం హిందువునని చెప్పుకోవడం రాజ్యాంగాన్ని మోసగించడమే అవుతుందని తీర్పు చెప్పింది. ఫలితంగా ఒకే మనిషి రెండువైపులా అనుమానానికి గురవుతున్నాడు. కాగితం మీద హిందువు అని ఉంది కాబట్టి ఇతని విశ్వాసం దొంగదని సంఘంలో కొందరంటారు. ఆదివారం చర్చిలో కనిపిస్తాడు కాబట్టి ఇతని కాగితం దొంగదని ఊళ్లో కొందరంటారు.

ఈ విషయంలో రెండు మాటలు స్పష్టంగా చెప్పాలి. తెలిసి తెలిసి అబద్ధపు ప్రకటన మీద సంతకం చేయడం చిన్న సంగతి కాదు, దాన్ని సంఘం ఆమోదించినట్టు ఊరుకోకూడదు. అదే సమయంలో, ఆ సంతకం ఒక్కదాన్నే పట్టుకుని ఆ మనిషికి క్రీస్తు మీద ప్రేమ లేదని తీర్మానించడం కూడా అన్యాయం. పేరు మారినా పేట మారలేదు, చర్చికి వెళ్లినంతమాత్రాన ఊరి బావి దగ్గర అతని కులం పోలేదు. అంటరానితనం వెంటాడుతూనే ఉండగా దానికి ఇచ్చే రక్షణను మాత్రం మతం పేరుతో తీసేసే ఏర్పాటులో, మనుషులను ఆ ఇరకాటంలోకి నెట్టిన చట్టాన్ని వదిలిపెట్టి మనుషుల గుండెలను మాత్రమే పరీక్షించడం సరికాదు. న్యాయస్థానానికి కావలసినది ఒక హోదా ఉందా లేదా అన్న నిర్ధారణ. అందుకు బయటి ఆధారాలు చాలు. 1944లో అమెరికా సుప్రీంకోర్టు ఒక కేసులో, మత విశ్వాసం సత్యమా అసత్యమా అన్నది జ్యూరీ తేల్చకూడదని, చెప్పినవారు దాన్ని నిజంగా నమ్మారా లేదా అన్నంతవరకే చూడవచ్చని చెప్పింది. ఆ రెంటినీ విడదీయడం సాధ్యం కాదంటూ ఒక న్యాయమూర్తి ఆ తీర్పుతో విభేదించారు. న్యాయస్థానాలకే ఇంత కష్టమైన పనిని సంఘ కమిటీ ఒక సాయంత్రం కూర్చుని తేల్చేయగలననుకోవడం సాహసమే.

షరతు ఎక్కడ ఉంటే నటన అక్కడ పుడుతుందన్నది పెళ్లిళ్లలో ఇంకా బాగా కనిపిస్తుంది. 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టం ప్రకారం వధూవరుల్లో ఒకరు క్రైస్తవులైతే చాలు. ఇద్దరూ క్రైస్తవులు కావాలని చట్టం అడగదు. 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద మతం మారే అవసరమే లేదు. అయినా చాలా సంఘాలు బాప్తిస్మం లేనిదే పెళ్లి చేయమంటాయి, పెళ్లి వారంలోనే ఆ బాప్తిస్మం జరిగిపోతుంది, ఆరునెలల తర్వాత అబ్బాయి మందిరం ముఖం చూడకపోతే మోసపోయామంటారు. మోసం అనే మాట వాడదలచుకుంటే, దానికి వీలు కల్పించినవారిలో సంఘమూ ఉంది. ఇక్కడ జాగ్రత్త తప్పనిసరి, ఎందుకంటే అంచనా తప్పితే నష్టపోయేది పెద్దలు కాదు, ఆ అమ్మాయి. పెళ్లికి సంబంధం లేకుండా, పెళ్లి తేదీ తెలియని కాలంలో అతను ఎలా ఉన్నాడన్నది చూడాలి. మూడో శతాబ్ది నాటివని చెప్పే సంఘ నియమాల్లో బాప్తిస్మానికి ముందు మూడేళ్ల శిక్షణ కనిపిస్తుంది. ఆ కాలంలో విధవరాండ్రను ఆదరించాడా, రోగులను చూడబోయాడా అని అతన్ని వెంటబెట్టుకు వచ్చినవారిని అడిగేవారు. మూడేళ్లు ఈ రోజుల్లో ఎవరూ ఆగకపోవచ్చు, కానీ వారు ఎవరిని ఏమని అడిగారో అది ఇప్పటికీ పనికివస్తుంది.

వేరుశనగ చేను పైకి ఎంత పచ్చగా ఉన్నా ఊడల కింద కాయ పట్టిందో లేదో మొక్కను పీకితే గాని తెలియదు, పీకితే ఆ మొక్క బతకదు. గోధుమల్లో గురుగులు కనబడితే పీకేస్తామన్న దాసులను యజమాని కోతకాలం దాకా ఆపడంలో ఉన్న ఆలోచన ఇదే. సామాన్య విశ్వాసి విషయంలో సంఘం ఇలాగే ఓపిక పట్టాలి. అతను పొరపాటున లోపలికి వచ్చినా సంఘానికి పోయేది తక్కువ. నిజమైనవాణ్ణి అనుమానించి బయటికి పంపితే పోయేది ఒక మనిషి.

అయితే వేదిక మీద నిలబడేవాడికి, సంఘం డబ్బు చేతిలో ఉన్నవాడికి ఈ ఓపిక వర్తించదు. సీమ సంఘాలు సరిగ్గా ఇక్కడే తలకిందులుగా నడుస్తున్నాయి. బాప్తిస్మం అడిగిన కూలి మనిషిని నెలల తరబడి ప్రశ్నిస్తాయి; స్వస్థత కూటాలు పెట్టే కొత్త సేవకుడికి మాత్రం రెండు ప్రసంగాలు విని మైకు, కానుకల పెట్టె అప్పగిస్తాయి. పౌలు తిమోతికి రాస్తూ కొత్తగా చేరినవాణ్ణి అధ్యక్షుడిగా పెట్టవద్దన్నాడు, సంఘానికి వెలుపలివారి దగ్గర కూడా అతనికి మంచి పేరు ఉండాలన్నాడు. తొలి శతాబ్దాల్లో సంఘాలు వాడుకున్న డిడాకే అనే చిన్న పుస్తకంలో ఇంకా సూటిగా ఉంది: ఊరూరా తిరిగే అపొస్తలుడు ఒకటి రెండు రోజులు ఉండవచ్చు, మూడో రోజూ ఉంటే అబద్ధ ప్రవక్త, డబ్బు అడిగినా అబద్ధ ప్రవక్తే. ఆ నియమాన్ని రాసినవారు అతని గుండెను చూడబోలేదు. ఎన్నాళ్లు ఉన్నాడు, ఏమి అడిగాడు అన్న రెండు బయటి సంగతులతో సరిపెట్టుకున్నారు. నేటి సంఘం కూడా అవే చూడవచ్చు. కానుకల లెక్కలు సంఘం ముందు చదువుతున్నారా? మందిరం స్థలం ఎవరి పేరు మీద రిజిస్టరు అయింది? విదేశీ విరాళాలు వస్తుంటే చట్టం అడిగిన ఖాతాల్లోనే పడుతున్నాయా? కాలనీ పిల్లల ఫొటోలు తీసి పంపినందుకు వచ్చిన డబ్బు ఆ పిల్లలకు చేరిందా? ప్రొద్దుటూరులోనో గుత్తిలోనో ఏ పెద్ద అయినా ఈ ప్రశ్నలు అడిగితే, దైవజనుణ్ణి తీర్పు తీర్చవద్దంటూ ‘మీరు తీర్పు తీర్చకుడి’ వచనం చూపిస్తారు. ఆ వచనం అతనికి కవచం కాదు.

అలాంటి సేవకుడి మోసం బయటపడ్డాక ఒక వేదన మిగులుతుంది: ఆయన చేతుల మీదుగా తీసుకున్న బాప్తిస్మం చెల్లుతుందా? క్రీ.శ. 303లో మొదలైన హింసలో లేఖనాలను అధికారులకు అప్పగించిన కాపరులు జరిపిన బాప్తిస్మం వంటి సంస్కారాలు చెల్లవని ఉత్తర ఆఫ్రికాలో డొనాటిస్టులు వాదించారు. ఆ తగువు వందేళ్లకు పైగా సాగి, 411లో కార్తేజీలో పెద్ద చర్చకు దారితీసింది. అగస్టీను జవాబు, బాప్తిస్మం ఇచ్చినవాడి పరిశుద్ధత మీద అది ఆధారపడదని, అది క్రీస్తుదని. పల్లెల్లో కాపరి చేతిలో మోసపోయిన విశ్వాసులకు ఈ జవాబును ఎవరో ఒకరు చెప్పవలసిన అవసరం ఉంది. ఆయన నటించినంతమాత్రాన వారి ప్రార్థనలు నటన కాలేదు.

పడిపోయినవారి సంగతి కూడా ఇంతే. పదేళ్లు కూటాలకు వచ్చి మానేసినవాణ్ణి చూసి, మొదటి నుంచీ నటించాడని అనడం సులువు. కాని నిజంగా నమ్మి, అప్పుల్లో మునిగో, బిడ్డను పోగొట్టుకునో, సంఘంలో కులం చూసి మనసు విరిగో దూరమైనవారు ఉంటారు. నిజాయితీకి, నిలకడకు తేడా ఉంది. యేసును పట్టుకున్న రాత్రి పేతురు ఆయనను ఎరుగనని మూడుసార్లు అన్నాడు. అంతకుముందు ప్రాణమైనా పెడతానన్న మాట అబద్ధం కాదు, దానికి తగిన బలం పేతురుకు లేకపోయింది.

సంఘాలు తీర్పు చెప్పక తప్పని సందర్భాలు ఉంటాయి. మత్తయి పద్దెనిమిదో అధ్యాయం అందుకు క్రమం చూపింది: ముందు ఒంటరిగా, తర్వాత ఇద్దరు ముగ్గురితో, చివరగా సంఘంతో. ఆ క్రమాన్ని పాటించేవారు తక్కువ, మైకులో పేరు చదివేవారు ఎక్కువ. ఇంకా పెద్ద లోపం ఏమిటంటే, ప్రభువు బల్ల నుంచి ఒకరిని ఆపడానికి కమిటీ తీర్మానం రాస్తుంది గాని, తిరిగి చేర్చుకోవడానికి ఏమి చేయాలో ఎక్కడా రాసి ఉండదు. సంఘం నుంచి శిక్ష పొందిన ఒక మనిషి గురించి పౌలు కొరింథీయులకు రాసిన రెండో పత్రికలో, ఎక్కువమంది వేసిన ఆ శిక్ష ఇక చాలునని, అతను అధిక దుఃఖంలో మునిగిపోకుండా క్షమించి ఆదరించాలని చెప్పాడు. ఎవరి విశ్వాసం మీదనైనా ఒక నిర్ణయం తీసుకున్న సంఘం, దాన్ని ఏ ఆధారం మీద తీసుకుందో, ఎప్పుడు తిరిగి చూస్తుందో, పొరపాటని తేలితే ఎవరు ఆ ఇంటికి వెళ్లి చెబుతారో అదే తీర్మానం కింద రాసిపెట్టుకోవాలి.